రాయి పక్కన నిలబడి రెండు నిమిషాలు



తెలుగు చదువును గురించి మాట్లాడుకునే చోట భూవిజ్ఞాన మహాసభల ప్రసక్తి ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం ఉన్నది. శాస్త్రజ్ఞులు తమ పరిశోధనను ఒకరితో ఒకరు ఎట్లా పంచుకుంటారో చూసిన తరువాత, హోసూరు ప్రాంతపు మా పాఠశాలలో నేను పాఠం చెప్పే తీరు కొంత మారింది. ఆ మార్పును మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ అనే సంస్థ ఏటా వసంతకాలంలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో మహాసభ జరుపుతుంది. భూకంపాలు, అగ్నిపర్వతాలు, నదులు, హిమానీనదాలు, నేలలు, వాతావరణం, ఇట్లా భూమికి సంబంధించిన సమస్తమూ అక్కడ చర్చకు వస్తుంది. 2020లో కోవిడ్ కారణంగా ఆ సభను మే 4 నుండి 8 వరకు ఇంటర్నెట్‌లోనే నిర్వహించారు. 11 వేలకు పైగా ప్రదర్శనలను అందరూ చూడడానికి ఉంచారు. 26 వేలకు పైగా జనం చర్చలలో పాల్గొన్నారు. మన దేశంలో లాక్‌డౌన్ నడుస్తున్న రోజులవి. బడులు మూతపడి ఉన్నందున ఇంట్లో కూర్చునే ఆ ప్రదర్శనలలో కొన్నింటిని చదివాను, చర్చలు గమనించాను.

ఆ యేడు చర్చలు చాలావరకు నోటిమాటగా కాక రాతలోనే సాగాయి. అందువల్ల ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. సభ భాష ఇంగ్లీషే. కాని ఆ ఇంగ్లీషు వ్రాస్తున్నవారిలో అధికులకు అది ఇంటి భాష కాదు. వాక్యాలు పొట్టివి, అక్కడక్కడ తప్పులూ ఉన్నాయి. ఎవరూ వాటిని పట్టించుకోలేదు. ఏమి కొలిచావు, ఎక్కడ కొలిచావు, ఎట్లా నమ్మమంటావు అని మాత్రమే అడిగారు. చెప్పవలసిన విషయం ఉన్నవాడికి భాష తోవ ఇస్తుందని అప్పుడు బోధపడింది.

వియన్నా సభలలో 2013 నుండి పైకో అనే ఒక పద్ధతి అమలులో ఉన్నది. ప్రతి పరిశోధకుడూ మొదట రెండు నిమిషాలలో తన పని సారాంశం చెప్పాలి. అందరూ చెప్పిన తరువాత ఎవరి తెర దగ్గర వారు నిలబడతారు. ఆసక్తి ఉన్నవారు దగ్గరకు వచ్చి వివరంగా అడుగుతారు. పేరుమోసిన ఆచార్యుడికైనా, నిన్న చేరిన విద్యార్థికైనా అవే రెండు నిమిషాలు. అదే సభలో 2003 నుండి బడిపంతుళ్ళ కోసం గిఫ్ట్ అనే శిక్షణ కార్యక్రమం కూడా జరుగుతున్నది. భూమిని గురించిన జ్ఞానం బడికి చేరకపోతే పూర్తి కాదని ఆ శాస్త్రజ్ఞులే గుర్తించారన్నమాట.

ఇక మన సంగతికి వస్తాను. మా పిల్లలు ఆడుకునే బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటివి. మాకు వంద కిలోమీటర్ల లోపున కోలారు బంగారు గనులు ఉన్నాయి. మూడు కిలోమీటర్లకు మించిన లోతుతో ప్రపంచంలోని అతి లోతైన గనులలో ఒకటిగా పేరుపొంది, 2001లో మూతపడ్డాయి. 1965లో ఆ గని లోతుల్లోనే వాతావరణం నుండి వచ్చే న్యూట్రినో కణాల జాడను శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. మా పిల్లల తాతలలో కొందరు ఆ గనిలో దిగినవారే. ఈ రాళ్ళను గురించి ప్రపంచ సభలలో పత్రాలు చదువుతారు. ఆ రాళ్ళ మీద పుట్టిన పిల్లకు మాత్రం వాటిని గురించి ఒక్క వాక్యం చెప్పే సందర్భం బడిలో రాదు.

బడులు తిరిగి తెరిచాక ఎనిమిదో తరగతిలో పైకో పద్ధతిని ప్రయత్నించాను. ప్రతి ఒక్కరూ తమ ఊరి రాయి ఒకటి తేవాలి, ఒక చార్టు వ్రాయాలి, రెండు నిమిషాలు తెలుగులో చెప్పాలి, తరువాత ఆ రాయి పక్కన నిలబడి ప్రశ్నలకు జవాబివ్వాలి. పలుగురాయి, కాకిబంగారం, మొరం, సుద్ద అన్నీ బల్లల మీదకు వచ్చాయి. రాతిపని చేసే కుటుంబం నుండి వచ్చిన ఒక అమ్మాయి, తరగతిలో నోరు విప్పని పిల్ల, బండ ఏ వైపు తేలికగా చీలుతుందో వాళ్ళ తాత సుత్తి మోతను బట్టి ఎట్లా చెప్పగలడో వివరించింది. పక్క విభాగం నుండి తమిళ పిల్లలు వచ్చి అడిగితే అదే విషయం తమిళంలోనూ చెప్పింది. తెలుగులో అర్థమైనది తమిళంలోకి దానంతట అదే నడిచి వెళ్ళింది.

కర్ణాటక, తమిళనాడులలో రాతిపని, చెరువుపని తరతరాలుగా చేసిన వడ్డెరల ఇళ్ళలో చాలా చోట్ల నేటికీ తెలుగే మాట. రాతిని, మట్టిని, నీటిని గురించి వారి వద్ద ఉన్న మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. ఆ పిల్లలు తెలుగు వదిలితే మాటలతో పాటు ఆ తెలివీ పోతుంది.

పల్లెమాటలకు శాస్త్రంలో చోటెక్కడిదని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. భూవిజ్ఞానం నిలిచి ఉన్నదే అటువంటి మాటల మీద. సునామీ జపాను వారి మాట. అగ్నిపర్వతపు బురద ప్రవాహానికి పేరైన లహార్ జావా ప్రజల మాట. గీజర్ అన్నది సుమారు నాలుగు లక్షల జనాభా ఉన్న ఐస్‌లాండ్‌లోని ఒక వేడినీటి ఊట పేరు. నల్లనేలకు భూవిజ్ఞాన గ్రంథాలలో కనిపించే రెగర్ అన్న పేరు మన రేగడి నుండి పుట్టినదే. మన రైతు నోటిమాటను శాస్త్రం తీసుకున్నది. మనమే మన పిల్లల నోట దానిని నిలపలేకపోతే ఎట్లా?

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. మహాసభకు వెళ్ళదలచిన పిల్లకు ఇంగ్లీషు కావలసిందే. తమిళనాట తమిళమూ, కన్నడనాట కన్నడమూ రావలసిందే. అయితే తెలుగును పలకరింపులకూ, పండుగ పాటలకూ మాత్రమే పరిమితం చేస్తే అది వంటింటి గడప దాటదు. ఆలోచించడానికి, కొలవడానికి, వాదించడానికి పనికివచ్చిన భాషను మాత్రమే పిల్లలు తమ పిల్లలకు అందిస్తారు. మన తరగతులలో ఏటా తగ్గుతున్న సంఖ్యను ఆపడానికి అభిమానం ఒక్కటే చాలదు.

ఉపాధ్యాయులారా, ఈ ఏడు ఒక్క పూట కేటాయించండి. రాయి దొరకని చోట చెరువుమట్టి, యానాం వంటి చోట గోదావరి ఒండ్రు సరిపోతుంది. చార్టు అందంగా లేకపోయినా ఫరవాలేదు, ప్రశ్నలు మాత్రం నిజమైనవి కావాలి. తల్లిదండ్రులారా, ఆ పూట వచ్చి మీ బిడ్డ రాయి పక్కన నిలబడండి. తెలియనట్లు నటించవలసిన పని లేదు, నిజంగా తెలియనిదే అడగండి. తెలుగులో అడగండి. జవాబు తెలుగులోనే వస్తుంది.