పటమే గురువు

గాలిపటమునకు దారము బంధమని పైకి తోచును. కాని ఆ దారము తెగినచో గాలిపటము మరింత పైకి పోదు. గిరికీలు కొట్టుచు పోయి ఏ చెట్టుకొమ్మకో చిక్కుకొనును. పట్టి యుంచు సూత్రమే దానిని ఎగురజేయుచున్నది. ఇట్లే సూత్రబద్ధములై ఎగురు చిన్న విమానములు కొన్ని కలవు. వానిని కంట్రోల్‌లైన్ విమానములందురు.

వీనిలో మనుష్యుడు కూర్చుండడు. నడపువాడు మైదానము నడుమ నిలిచి ఒక పిడిని చేత పట్టుకొనును. దానినుండి సన్నని ఉక్కుతీగలు రెండు, ఒక్కొక్కటి సుమారు 60 అడుగుల పొడవు గలవి, విమానపు ఎడమ రెక్కలోనికి పోవును. పిడిని వంచినచో ఒక తీగ లాగబడును, రెండవది వదులగును. ఆ కదలిక లోపలి మీట ద్వారా తోకయందలి ఎలివేటరునకు చేరును. విమానపు ముక్కు పైకి లేచుట, క్రిందికి వంగుట దానివలననే జరుగును. ఈ విద్యకు వ్యాప్తి కలిగించినవారిలో ముఖ్యుడు అమెరికా దేశమున పోర్ట్‌లాండ్ నగరవాసియైన జిమ్ వాకర్. ఆయన తన పద్ధతికి 1942లో పేటెంటు పొందెను.

ఈ విమానములతో విన్యాసముల పోటీలు జరుగును. విమానము నిలువుచక్రములు చుట్టవలెను; తలక్రిందులుగ ఎగురవలెను; గాలిలో ఎనిమిది అంకెను వ్రాయవలెను; చతురస్రమును గీసి, నేలకు సుమారు 5 అడుగుల ఎత్తున మూల తిరిగి సమముగ సాగవలెను. ఒక్క తప్పటడుగు పడినచో, నెలలతరబడి చేసిన పని నిమిషములో పొడియగును.

టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన జార్జ్ ఆల్డ్రిచ్ ఈ విన్యాసములలో పేరొందిన విజేత. ఆయన 1950ల తొలినాళ్ళలో రూపొందించిన ‘నోబ్లర్’ విమానము మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. దాని రెక్కల నిడివి సుమారు 50 అంగుళములు. బరువు ఒక కిలోగ్రాము పైచిలుకు. 1957లో టాప్ ఫ్లైట్ అను సంస్థ దాని భాగములను పెట్టెలో అమర్చి అమ్మసాగెను. ఇట్టి పాత విమానములకొరకు తరువాతి కాలమున ‘క్లాసిక్’ అను ప్రత్యేక తరగతి ఏర్పడినది. 1969వ సంవత్సరాంతము లోపల రూపొందిన నమూనాలకే అందు ప్రవేశము. అందువలన ఆ విజేతల విమానములను మరల నిర్మించువారు నేటికిని కలరు.

మరల నిర్మించుట యనగా చూచి వ్రాయుటవంటి సులభకార్యమని తోచవచ్చును. పటమున్నది, కొలతలున్నవి, ఇక లోపమేమి? కాని పటము ఎంత పొడవో చెప్పును గాని ఎందుకో చెప్పదు. నోబ్లర్ వంటి విమానపు పటమును పరచి చూచిన క్రొత్తవానికి ముందుగ కనబడునవి వింతలే. ఎడమ రెక్క కుడి రెక్కకంటె పొడవు. కుడి రెక్క చివర సీసపు ముక్క యొకటి. ఇంజను ముక్కు సూటిగ నుండక కొంచెము కుడికి తిరిగియుండును. ‘ఇది గీచినవాని పొరపాటు’ అని తలచి సరిచేయ బుద్ధి పుట్టును. రెక్కలు సమానము చేసి, సీసము తీసివేసి, ఇంజనును సూటిగ నిలిపినచో విమానము చూపునకు చక్కగనే యుండును. దాని ఫలము మాత్రము గాలిలో తెలియును.

విమానము ఎడమ రెక్కను లోపలికి పెట్టి చుట్టు తిరుగును. లోపలి రెక్క చిన్న వలయమును, వెలుపలి రెక్క పెద్ద వలయమును చుట్టును. మెల్లగ పోవు రెక్కకు గాలి ఒసగు ఎత్తుడు బలము తక్కువ; ఆ లోటు తీర్చుటకే దానికి పొడవెక్కువ. ఉక్కుతీగల బరువంతయు ఎడమవైపుననే వ్రేలాడును. దానిని తూచుటకే కుడివైపున సీసము. ఇంజను కుడికి తిరుగుట తీగలు బిగువుగ నుండుటకు. ఒక చుట్టు సుమారు 5 సెకండ్లలో తిరుగు విమానము తన బరువునకు దాదాపు మూడింతల బలముతో తీగలను లాగును. కాని నడపువాని నడినెత్తికి వచ్చినపుడు దాని బరువు అతనివైపే క్రుంగును, లాగుడు తగ్గును. అపుడు తీగలు వదులైనచో పిడి ఎంత త్రిప్పినను ఎలివేటరు వినదు. అట్టి సమయమున కాపాడునవి క్రొత్తవాడు తప్పులని తలచిన ఆ వంకరలే.

ఇంజను విషయమును ఇట్టిదే. ఆ కాలమున ఇట్టి విమానములకు విరివిగ వాడిన ఫాక్స్ ఇంజను పరిమాణము సుమారు 5.8 ఘన సెంటీమీటర్లు. ఇంధనము కొంచెము అధికముగ అందునట్లు సవరించినచో, విమానము సమముగ పోవునపుడు అది రెండు చుట్లకొకసారి మాత్రమే మండుచు నెమ్మదిగ నడచును. ముక్కు పైకెత్తి భారము హెచ్చినంతనే ప్రతి చుట్టునకు మండి బలము పుంజుకొనును. మరల సమముగ వచ్చినపుడు శాంతించును. బలమెక్కువని వేరొక ఇంజనును బిగించినవాడు ఈ గుణమును కోల్పోవచ్చును. అపుడు విమానము వేగము పెరుగును గాని మూలలు చెదరును.

ఇక కొయ్య యున్నది. బాల్సా కొయ్య మిక్కిలి తేలిక. కాని ఒకే కొలతగల రెండు పలకలలో ఒకటి రెండవదానికి రెట్టింపు బరువుండుట కలదు. తోక గురుత్వకేంద్రమునకు దూరము, ముక్కు దగ్గర. తోకలో కొంచెము బరువు హెచ్చినచో ముక్కున అంతకు మించిన బరువు చేర్చవలసి వచ్చును. కావున నిర్మాత ప్రతి పలకను తూచి, అతి తేలికైనదానిని తోకకు ఏరుకొనును. ఈ వివేకము పటములో దొరకదు, చేతులకే అలవడవలెను.

ఏకలవ్యుని యెదుట ద్రోణుడు లేడు, మట్టిబొమ్మ యుండెను. నోబ్లరును మరల కట్టువాని యెదుటను ఆల్డ్రిచ్ లేడు, పటమున్నది. గురువు ఎదుట నుండినచో శిష్యుడు ప్రశ్నించి తెలిసికొనును. లేనిచో, ప్రతి గీతయెదుట నిలిచి, ‘ఇట్లేల గీచెను?’ అని తానే తర్కించుకొనవలెను. ఆ జవాబు తెలియక ముందు మార్చుట అహంకారము. తెలిసిన పిదప మార్చుట విద్య. ఆల్డ్రిచ్ తరువాతి విజేతలనేకులు తమ సొంత విమానములను క్రొత్తగ రూపొందించిరి. పాతదానిని చక్కగ ఎరిగినవారికే క్రొత్త గీత ఎచట గీయవలెనో తెలియును.