వాటర్ సర్వీసింగు చేయించిన సైకిలు

నా మౌంటెన్ బైకును కొండలు పాడుచేయలేదు. కడిగి కడిగి నేనే పాడుచేశాను. ఒక్క వానాకాలంలో వెనక చక్రం బేరింగులు, చైను, గేరు పళ్లు, ముందు బ్రేకు ప్యాడ్లు వరసగా పోయాయి. అన్నాళ్లూ చీడికాడలో ఇంత శుభ్రమైన సైకిలు ఇంకోటి లేదని నలుగురూ అంటుంటే లోలోపల పొంగిపోయేవాణ్ణి. పైకి అది తళతళలాడుతూనే ఉండేది మరి.

విశాఖలో ఉండగా నాది బీచి రోడ్డు సైక్లింగు. తారు దారి, సముద్రపు గాలి, అంతే. పంతులు ఉద్యోగం నన్ను ఇటు తెచ్చాక కాలువ గట్ల మీదా, చెరుకు తోటల మధ్య బండి దారుల మీదా తిరగాలని ఉబలాటం పుట్టింది. వెడల్పు టైర్లు, ముందు షాకబ్జరు ఫోర్కు, డిస్కు బ్రేకులు, వెనక తొమ్మిది గేర్లు ఉన్న బండి కొన్నాను. చీడికాడ నుంచి కోనాం వెళ్తే బొడ్డేరు మీద కట్టిన జలాశయం వస్తుంది, ఆ వెనకంతా తూర్పు కనుమలు. 2022 ఏప్రిల్లో విశాఖ జిల్లా చీలి అనకాపల్లి జిల్లా వచ్చాక మా మండలం చిరునామా మారింది గానీ ఆ దారులు మాత్రం ఎప్పటిలాగే వేసవిలో దుమ్ము, వానల్లో బంక.

ఆ మట్టి ఎలాంటిదో నేను చాలా ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను. మన కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైటు రాయి. ఇక్కడి కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదుగా 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. ఆ రాయిలో గార్నెట్ ఉంటుంది, క్వార్ట్జూ ఉంటుంది. యుగాల తరబడి ఎండకూ వానకూ రాయి చివికి ఎర్రమట్టి అవుతుంది గానీ ఈ రెండూ అంత తేలిగ్గా లొంగేవి కావు, గింజలుగా మిగులుతాయి. వడ్రంగులు వాడే ఉప్పుకాగితానికి అతికించే రేణువుల్లో గార్నెట్ కూడా ఒకటి. నూనె కారుతున్న చైనుతో నేను వారం వారం తిరిగి వచ్చింది ఆ మట్టిలో.

మొదటి తప్పు నీళ్లతో. ఆషాఢంలో ఓ ఆదివారం సైకిలు గుర్తుపట్టలేనంతగా బురద కొట్టుకుపోతే, మోటారు సైకిళ్లకు నీళ్ల గన్నుతో వాటర్ సర్వీసింగు చేసే షెడ్డుకు తోలుకెళ్లాను. అక్కడి కుర్రాడు “సైకిలుకి గన్నెందుకు సార్?” అని అడిగాడు కూడా. నేనే బలవంతపెట్టాను. చక్రం మధ్యలో బాగా కొట్టు, పెడళ్ల దగ్గర ఇంకా కొట్టు అని దగ్గరుండి చూపించాను. ఇరవై నిమిషాల్లో కొత్త పెళ్లికొడుకైంది. ఆ రోజు నుంచి అదే అలవాటు.

చక్రం మధ్యలోని హబ్బు లోపల ఉక్కు గోళీలు, వాటి చుట్టూ గ్రీజు ఉంటాయి. బయటి నుంచి ఏమీ దూరకుండా అడ్డం ఉండేది పల్చటి రబ్బరు అంచు. చిమ్మిన నీళ్లనూ వాననూ ఆపగలదు. గన్ను దగ్గరగా పెట్టి అడ్డంగా కొడితే ఆ అంచు తలవంచేస్తుంది, నీళ్లు సన్నటి మట్టిని వెంటబెట్టుకుని లోపలికి పోతాయి. పోయిన నీళ్లు బయటికి రావు. పెడళ్ల ఇరుసు దగ్గరా, హ్యాండిలు కింద మెడ బేరింగుల దగ్గరా అంతే. నేను మాత్రం ఇంటికొచ్చి పైపైన తుడిచి, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ పట్టా కప్పేవాణ్ణి. లోపల ఉన్న తడి ఆరకుండా నా వంతు సాయం నేనూ చేశానన్న మాట.

కొన్ని వారాలకు వెనక చక్రం తిప్పితే కరకరమనడం మొదలైంది. చోడవరం వెళ్లే దారిలో పాత సైకిలు షాపు పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. గేర్ల సైకిళ్లంటే ఆయనకు పెద్ద గౌరవం లేదు. అట్లాసులకూ హెర్క్యులిసులకూ జీవితమంతా ఓవరాయిలింగులు చేసిన మనిషి. హబ్బు విప్పి, వేలితో గ్రీజు తీసి చూపించాడు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. గోళీల మీద సన్నటి గుంటలు.

“బురద బయిటుండీది మాస్టారూ. గన్నెట్టి లోపలికి తోసీసేరు.”

“మరి కడగొద్దా?”

“కడగండి. సెంబుతో కడుక్కోండి. ఎవులొద్దన్నారు?”

నాకు చురుక్కుమంది. ఎందుకంటే మా నాన్న సైకిలును నేనెప్పుడూ కడిగి ఎరగను, అదెప్పుడూ కరకరమనలేదు. చైను చుట్టూ రేకు డబ్బా, హబ్బు మధ్యలో నూనె పోసుకునేందుకు చిన్న రంధ్రం, దానికో మూత. ఏడాదికోసారి షాపులో అంతా విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, కొత్త గ్రీజు పెట్టి బిగించేవారు. మధ్యలో గుడ్డతో తుడవడమే. ఆ సైకిలు తట్టుకున్నదాన్ని ఇదీ తట్టుకుంటుందనుకోవడంలో అసలు మోసం ఉంది. ఒంటి గేరు సైకిలు చైను మందం, ఎప్పుడూ తిన్నగా నడుస్తుంది. గేర్ల సైకిలు చైను సన్నం, పక్కకు వంగుతూ నడుస్తుంది, పైగా బురదకు బట్టబయలుగా ఉంటుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి గట్టిదనుకున్నాను. పని ఎక్కువ కాబట్టి ఖరీదని తర్వాత తెలిసింది.

ఈ మౌంటెన్ బైకింగు పుట్టిన చోట కూడా గ్రీజు గొడవే నడిచింది. 1976లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర ఓ కొండ దారిలో కొందరు కుర్రాళ్లు కిందికి దూకుడు పందేలు మొదలుపెట్టారు. చార్లీ కెల్లీ నిర్వాహకుడు. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటివాళ్లు తొక్కేవారు. బళ్లన్నీ పాతకాలపు బరువు సైకిళ్లు, పెడలు వెనక్కి తొక్కితే హబ్బులోనే పడే బ్రేకు. ఆ దిగుడులో హబ్బు కాలి, గ్రీజు పొగై పోయేది. దిగాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూర్చుకోవాలి. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు పడింది. మరుసటి ఏడాది జో బ్రీజ్ కొండల కోసమే సైకిళ్లు తయారుచేశాడు. పందెం ఒక పూట, హబ్బు పని ఇంకో పూట అని వాళ్లకు మొదటి రోజే తెలుసు. నాకు సరదా తెలిసినంతగా పని తెలియలేదు.

రెండో తప్పు నూనె. ఇందులో నేను చేయని వేషం లేదు. ముందు ఇంట్లో ఉందని కొబ్బరినూనె. అది సుమారు 24 డిగ్రీలకే పేరుకుంటుంది. పుష్యమాసం పొద్దుటిపూట కొండ కింద చలికి సీసాలో గడ్డకట్టినట్టే చైను మీదా కట్టింది. తర్వాత మోటారు సైకిలు ఇంజనాయిలు. చైను మీద ధారగా పోసి, కారుతుంటే తృప్తిగా చూసేవాణ్ణి. కొండ దారిలో ఒక్క గంట తిరిగితే చాలు, ఆ నూనెకు దుమ్మంతా అంటుకుని నల్లటి పేస్టు తయారు. నల్లబడింది కదా అని మళ్లీ పైన నూనె పోయడం. ఉప్పుకాగితం రేణువులను నూనెలో కలిపి చైనుకు మర్దనా చేశానంటే అతిశయోక్తి కాదు.

చైనుకు నూనె కావలసింది పైన కాదు. ప్రతి లంకెలో ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే రోలరు ఉంటాయి. అరుగుదల జరిగేది రోలరు లోపల, పిన్ను చుట్టూ, కంటికి కనబడని చోట. అక్కడ లంకెకో చుక్క చాలు, పైన ఉన్నదంతా దుమ్ముకు పిలుపే. పిన్నులు అరిగినకొద్దీ లంకెల మధ్య దూరం పెరుగుతుంది, చైను పొడవవుతుంది, పొడవైన చైను గేరు పళ్లను తనకు సరిపోయేలా కోసుకుంటుంది. ఇది కొలవడానికి మా బడి పిల్లల స్కేలు చాలు. కొత్త చైనులో పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం. ఇరవై నాలుగు లంకెలు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు. అది ఒక వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చేయాలి. రెండు వీసాలు పెరిగిందంటే పళ్లూ పోయినట్టే లెక్క. నేను మొదటిసారి కొలిచేసరికి రెండూ దాటి ఉంది. చైను ఒక్కటే మార్చి చూశాను. ఎత్తులో బలంగా తొక్కితే కొత్త చైను పాత పళ్ల మీద నిలవక టకటకా దాటేస్తోంది. చివరికి పళ్ల సెట్టు కూడా కొనక తప్పలేదు.

మూడోది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తడిసిన డిస్కు బ్రేకు కీచుమంటుంటే డిస్కు మీద డబ్ల్యుడి-40 చల్లాను. 1953లో అమెరికాలో లోహం మీంచి నీటిని తరిమేసి తుప్పు రాకుండా చూడటానికి తయారైన ద్రావణం అది. తుప్పు పట్టిన బోల్టుకు దాన్ని మించింది లేదు. బ్రేకు డిస్కు మీద చల్లడానికి మాత్రం మనిషికి నా అంత తెలివి ఉండాలి. చప్పుడు వెంటనే ఆగిపోయింది. బ్రేకు కూడా ఆగిపోయిందని మాడుగుల మీదుగా పాడేరు ఘాటెక్కి దిగేటప్పుడు తెలిసింది. మొదటి మలుపులోనే ముందు బ్రేకు మీట వేళ్లకు తగిలేదాకా నొక్కినా బండి జారిపోతూనే ఉంది. వెనక బ్రేకు మీద ఎలాగో ఆపి, మిగతా దిగుడంతా నడిపించుకుంటూ వచ్చాను. ఎదురొచ్చే జీపుల్లోంచి జనం నా కొత్త సైకిలునూ, పక్కన నడుస్తున్న నన్నూ మార్చి మార్చి చూశారు. నూనె పీల్చిన ప్యాడ్లను రుద్దినా, కాల్చినా నమ్మడానికి లేదు. పారేసి కొత్తవి వేశాను. డిస్కును స్పిరిటుతో తుడిచాను. ఇప్పుడు చైనుకు నూనె వేసే వేళ వెనక డిస్కు మీద గుడ్డ కప్పకుండా సీసా మూత తీయను.

ఇప్పటి పద్ధతి చూస్తే మా ఆవిడకు నవ్వు. బురద పల్చగా ఉంటే ఆరనిచ్చి కుంచెతో దులిపేస్తాను. సగానికి సగం నీళ్లే అక్కర్లేదు. వరిమడి బంక పట్టుకుంటే మాత్రం ఆరేదాకా ఆగను, పచ్చిగా ఉన్నప్పుడే బకెట్టు, చెంబు, కొద్దిగా సబ్బు నీళ్లు, పైనుంచి కిందికి. ఇరుసుల మీద ధార పడనివ్వను. రెండుసార్లు నేలకు తాటించి నీళ్లు విదిలించి, పాత లుంగీ గుడ్డలో చైనును పట్టుకుని పెడలు వెనక్కి తిప్పితే తడీ మురికీ చాలావరకు గుడ్డకు వస్తాయి. చెరుకు కోతల రోజుల్లో గేరు చిన్న చక్రాలకు చుట్టుకున్న ఆకు పీచు చేత్తో లాగాల్సిందే. తర్వాత లంకెకో చుక్క సైకిలు చైను నూనె, రాత్రంతా వదిలేసి పొద్దున్న బయటిదంతా తుడిచేయడం. ఈ తుడవడమే నాకు పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టింది, పోసిన నూనెను తుడిచేస్తుంటే ప్రాణం ఒప్పదు. వానాకాలం మధ్యలో ఒకసారి సీటు గొట్టం లాగి సైకిలును తలకిందులుగా పెడితే ఫ్రేములోంచి నీళ్లు వస్తాయి. మొదటిసారి గ్లాసుడు దాకా వచ్చాయి, అవన్నీ పెడళ్ల ఇరుసు మీద నిలవ ఉన్నవి.

ఇవేవీ కష్టమైన పనులు కావు, చోడవరం పెద్దాయనకు చెప్తే “ఇదే కదండి మేం సేసీది” అన్నాడు. ఫోర్కు జోలికి మాత్రం ఆయనా రాడు, నేనూ పోను. దాని మెరిసే గొట్టాల మీద ప్రతి సవారీ తర్వాత పొడి గుడ్డ వేస్తున్నాను, ఎందుకంటే అక్కడ అంటుకున్న ఇసుక ఒక్కసారి సీలు దాటితే గొట్టాన్నే గీరేస్తుంది. మంచి ఫోర్కులు చేసే కొన్ని కంపెనీలు యాభై గంటల సవారీకోసారి కింది భాగం విప్పి నూనె మార్చమంటాయి. నావి ఎప్పుడో దాటిపోయాయి. సంక్రాంతి సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు అక్కడ తెలిసిన మెకానిక్కు ఇవ్వాలి, ఈలోగా కోనాం దారిలో పెద్ద గోతులు చూసి తప్పుకుంటున్నాను.