పేరు చెప్పని సాక్ష్యం

2018 ఏప్రిల్ 6. సూరత్‌లోని పాండేసరా ప్రాంతంలో పదకొండేళ్ల బాలిక మృతదేహం దొరికింది. పోస్టుమార్టంలో తేలిన గాయాలు 86. బతుకుతెరువు కోసం దేశం నలుమూలల నుంచి వలస వచ్చేవాళ్ల నగరమది. అటు జోల్వా దాకా విస్తరించిన బట్టల మిల్లుల చుట్టూ అద్దె గదుల్లో ఎవరెప్పుడు వచ్చారో, ఎవరెప్పుడు మాయమయ్యారో పక్కింటికే తెలియదు. పోలీసులు పోస్టర్లు అంటించారు. తప్పిపోయిన వేలాదిమంది పిల్లల ఫొటోలు తిరగేశారు. మా బిడ్డేనంటూ ఎవరూ రాలేదు.

చివరికి ఒకాయన వచ్చాడు, ఆంధ్రప్రదేశ్ నుంచి. తప్పిపోయిన తన కూతురి ఆధార్ కార్డు చూపించాడు. ముఖంలో పోలికలున్నాయి. కానీ పోలికలు చూసి శవాన్ని అప్పగించలేరు. డీఎన్‌ఏ పరీక్ష తప్పదన్నారు. అవునని తేలితే కూతురు లేనట్టే. కాదని తేలితే వెతుకులాట మళ్లీ మొదటికే. ఏ ఫలితం కోసం ఆ తండ్రి మొక్కుకోవాలి?

ఆ బాలిక ఆయన కూతురు కాదు. ఏప్రిల్ 9న దొరికిన ఓ గుర్తుతెలియని మహిళ మృతదేహాన్ని మొదట వేరే కేసుగా చూశారు. సీసీటీవీలో కనిపించిన నల్ల కారు దర్యాప్తును రాజస్థాన్ దాకా తీసుకెళ్లింది. ఇద్దరూ తల్లీకూతుళ్లని డీఎన్‌ఏ తేల్చింది. డబ్బిచ్చి వాళ్లను కూలి పనికి తెచ్చారన్నది పోలీసుల అభియోగం. 2022 మార్చిలో సూరత్ కోర్టు ఒకరికి మరణశిక్ష, మరొకరికి యావజ్జీవం విధించింది.

బిడ్డ డీఎన్‌ఏలో సగం తల్లిది, సగం తండ్రిది. పరీక్షకు ఆ లెక్కే ఆధారం. అయితే అది బంధుత్వం చెబుతుందే తప్ప పేరు చెప్పదు. పోల్చడానికి రెండో నమూనా ఉండాలి. సూరత్‌లో ఆ రెండో నమూనా ఇచ్చింది కూడా ఓ అనాథ శవమే.

డీఎన్‌ఏ వేలిముద్రలకు స్వదేశీ పద్ధతి రూపొందింది హైదరాబాద్ సీసీఎంబీలో, లాల్జీ సింగ్ చేతుల మీదుగా, 1988లో. తప్పిపోయినవారికీ, గుర్తుతెలియని మృతులకూ వేర్వేరు డీఎన్‌ఏ జాబితాలు ఉండాలన్న బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది. నేరస్థుల జాబితాలు కూడా అందులోనే ఉండటంతో వ్యక్తిగత గోప్యతపై అభ్యంతరాలు లేచాయి. 2023 జూలైలో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. అభ్యంతరాలు సబబే కావచ్చు. కానీ బిడ్డ కోసం వెతికే తండ్రి తన రక్తం చుక్క ఒక్కచోట ఇస్తే దేశమంతా వెతికిపెట్టే ఏర్పాటు ఆ బిల్లుతోపాటే ఆగిపోయింది. అప్పటిదాకా ఆధార్ కార్డు పట్టుకుని మార్చురీ నుంచి మార్చురీకి తిరగాల్సింది ఆయనే.