ఒక మాట – రెండు గదులు

ఆంగ్లభాషలో ‘కన్‌ఫైన్‌మెంట్’ అను మాట యొకటి కలదు. న్యాయస్థానమున విన్నచో అది ఖైదు; ప్రసూతి వైద్యశాలలో విన్నచో అది పురుడు. ఒకచోట నేరస్థుని గతి, వేరొకచోట బిడ్డను కన్న తల్లి స్థితి. రెండింటికిని ఆ భాష ఒక్క పేరే పెట్టినది. బెంగుళూరులో నొక బట్టల మిల్లు సంక్షేమ విభాగమున చాల ఏండ్లు కాగితములు తెలిగించుచు బ్రతికినదానను గనుక, ఈ మాటతో నాకు పరిచయ మెక్కువ. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, కచేరిలో ఇంగ్లీషు మాటలాడుచు తరతరములుగా నెట్టుకొనివచ్చుచున్న మనవంటివారికి దీని కథ పనికివచ్చునని తోచి వ్రాయుచున్నాను.

ఈ మాటకు మూలము లాటిను భాషలోని ‘ఫీనిస్’. దాని అర్థము హద్దు, పొలిమేర. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషును చేరినది. కావున దీని తొలి భావము గోడ కాదు, తాళము కాదు. ‘ఇంతవరకే’ యని గీచిన గీత మాత్రమే. 2020లో కరోనా వ్యాపించినపుడు మనము ‘లాక్‌డౌన్’ అన్నదానిని ఫ్రెంచివారు ఈ మాటతోనే వ్యవహరించిరి. మన జనులు చెప్పుకొను లక్ష్మణరేఖయు నిట్టి గీతయే. అది సీతను శిక్షించుటకు గీచినది కాదు, కాచుటకు గీచినది. చెఱ ఆ గీతకు ఆవల నున్నది.

న్యాయశాస్త్రము ఈ హద్దు భావమును చక్కగా నిలుపుకొన్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి రెండు నేరములను వేఱుపఱచి చెప్పినది. ఒకడు పోవుటకు హక్కుగల దిక్కున వానిని పోనీయక అడ్డగించుట ఒకటి. నాలుగు ప్రక్కల హద్దు ఏర్పఱచి దానిని దాటనీయకుండుట రెండవది. ‘కన్‌ఫైన్‌మెంట్’ అనునది దీనికే. గోడల నడుమ పెట్టి తాళము వేయుట యొక్కటే కాదు, ఇంటి వాకిళ్ళన్నిటను తుపాకులు పట్టిన మనుష్యులను నిలిపి ‘బయటికి వచ్చితివా, కాల్తురు’ అని బెదరించుటయు ఈ నేరమే యని ఆ గ్రంథము ఉదాహరణ మిచ్చినది. ఖైదీని ఏకాంతమున నుంచు శిక్షకును అది మేర పెట్టినది: మొత్తము మీద మూడు నెలలకు మించరాదు, ఒక్కసారిగా పదునాలుగు దినములకు మించరాదు. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఈ మేరలను అట్లే నిలిపినది. అనగా, హద్దులో నుంచువారికిని ఒక హద్దు ఉండవలెనని శాసనము ఒప్పుకొన్నది.

మన భాషలో దీనికి మాటలు తక్కువ కాదు. ఖైదు అరబ్బీ నుండి, జైలు ఇంగ్లీషు నుండి వచ్చినవి. కారాగారము సంస్కృతము. పరుల చేను మేసిన పశువులకు బందెలదొడ్డి. అచ్చముగా మనది చెఱ. తమిళులు దీనిని చిఱై యందురు, కన్నడిగులు సెఱె యందురు. చెఱువు అను మాటయు ఈ కుదురు లోనిదే యని భాషావేత్తలు చెప్పుదురు. నీటిని కట్టవేసి నిలిపినది చెఱువు. మనిషిని కట్టివేసి నిలిపినది చెఱ. ఒకటి ఊరిని బ్రతికించును, ఒకటి మనిషిని క్రుంగదీయును. ఆపుట మాత్రము రెండింటను ఒక్కటే.

ఇక పురిటి మాట. బిడ్డను కన్న స్త్రీ పడకకును గదికిని పరిమితమై యుండుటను బట్టి ఇంగ్లీషువారు ప్రసవమునకు ఈ పేరు పెట్టిరి. అంతకు ముందునుండియు ‘లయింగ్-ఇన్’ అను మాట వారికి కలదు. మదరాసు ఎగ్మూరులో 1844లో వెలసిన ప్రసూతి వైద్యశాలకు ఆ పేరే యుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన పార్లమెంటరీ శాసనములలోనికిని ఈ మాట ప్రవేశించినది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టము ‘కన్‌ఫైన్‌మెంట్’ అనగా ప్రాణముతో బిడ్డ కలిగిన ప్రసవమనియు, ఇరువదియాఱు వారములు నిండిన పిమ్మట బిడ్డ ప్రాణముతో పుట్టినను పుట్టకున్నను అయిన ప్రసవమనియు నిర్వచించినది. బిడ్డ దక్కకపోయినను తల్లి పడిన శ్రమ శ్రమయే యని ఆ నిర్వచనమున ఇమిడి యున్నది. ఎండిన చట్టభాషలో నింత దయ నాకు తఱచుగా కనబడలేదు.

ఆ దయ కార్మికురాలికి చేరుటకు నడుమ ఒక తెలుగు మాట కావలెను. 1970ల చివర ఒక కార్యాలయము నుండి మా మిల్లునకు తెలుగు ప్రకటన యొకటి వచ్చినది. అందు ‘స్త్రీ కార్మికులు తమ నిర్బంధ తేదీని ముందుగా తెలియజేయవలెను’ అని యుండెను. ఎవరో నిఘంటువులో మొదట కనబడిన అర్థమును ఎత్తి వేసిరి. దానిని గోడకు అంటించిరి. నెల గడచినను ఎవరును రాలేదు. నూలు చుట్టు విభాగములో హిందూపురము వైపు నుండి వచ్చిన పిల్ల యొకతె నిండు చూలాలై యంత్రము దగ్గర నిలుచుండుట చూచి, కాగితమేల ఇయ్యలేదని అడిగితిని.

“నిర్బంధం అంటే జైలే గదమ్మా? నేనేం తప్పు జేసినానని? దానిమీద వేలుముద్ర ఏస్తే పనిలోంచి తీసేస్తారంట” అన్నది.

“జైలు కాదు తల్లీ, పురుడు. నీ పురుడు ఎప్పుడో డాక్టరమ్మ రాసిస్తుంది. పన్నెండు వారాలు ఇంటి దగ్గరుంటే డబ్బిస్తారు. అందులో ఆరు వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు” అంటిని.

సాయంకాలము ఆమె అత్త నాయొద్దకు వచ్చినది. “ఆ మాటే ముందు రాసింటే, మా పిల్ల ఇన్నాళ్ళు మిషను కాడ నిలబడునా అమ్మా?” అన్నది. ఆ ప్రశ్నకు ఆ కార్యాలయము వారు బదులు చెప్పవలసి యుండెను. ఎదుట నున్నది నేను. మఱునాడు అధికారి యనుమతితో ఆ పదమును కొట్టివేసి ‘పురుడు’ అని వ్రాసితిని. ఆ వారములోనే మఱి ముగ్గురు స్త్రీలు కాగితములు పట్టుకొని వచ్చిరి. శాసనము మారలేదు, డబ్బు మారలేదు. మారినది ఒక్క మాట.

ఐనను ఇంగ్లీషువారి మాటను చూచి మనము నవ్వుటకు వీలులేదు. మన ‘పురుడు’ అను మాటకును రెండర్థములు కలవు: ప్రసవము ఒకటి, ఆ ఇంటికి పట్టు మైల రెండవది. కోలారులోని మా పుట్టింట నా తొలి పురుడు జరిగినది. గాలి చొరని లోపలి గది, నులకమంచము, వేఱుగా పెట్టిన కంచము, సాంబ్రాణి పొగ. గుమ్మము దాటరాదు, ఎవరిని తాకరాదు. పదునొకండవ నాటి స్నానము వరకు ఇంటిలోని నవ్వులు గోడ కావలినుండి వినుచు నేను ఏడ్చిన మాట నిజము. అపుడు మా అమ్మమ్మ గుమ్మము దగ్గర పీట వేసికొని కూర్చుండి, “ఏడవబాకు బిడ్డా. ఈ పదిదినాలన్నా ఆడదాని నడుము మంచానికి ఆనుతుంది. ఆ మైల గూడా లేకుంటే రేపే నిన్ను రోటికాడికి పంపుతారు” అన్నది. మైల అను మాట నాకు నేటికిని నచ్చదు. కాని ఎనిమిది కాన్పుల ముసలమ్మ ఆ మాట చాటున దాచుకొనిన విశ్రాంతి నాకర్థమైనది. మా కన్నడపు పొరుగువారు బాలింత సేవను ‘బాణంతన’ మందురు. అందు మైల పేరు లేదు. అది నాకు ఇంపుగా నుండెను.

ఆ రెండు గదులును ఒక్కటైన సందర్భము మన పురాణమున కలదు: దేవకి చెఱసాలలోనే ప్రసవించినది. అది పురాణముతో ముగియలేదు. గర్భిణులైన ఖైదీలు నేడును కలరు. ఆర్.డి. ఉపాధ్యాయ్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యమున 2006లో సుప్రీముకోర్టు కొన్ని నియమములు విధించినది. సాధ్యమైనంతవరకు ప్రసవము జైలు వెలుపల జరుగునట్లు చూడవలెను. జైలులో జరిగినచో, జనన పత్రమున పుట్టినచోటు జైలు అని వ్రాయక, ఆ ప్రాంతము పేరే వ్రాయవలెను. తల్లి ఖైదు బిడ్డ నొసట వ్రాయబడరాదని దీని భావము. ఇదియు ఒక్క మాటను కొట్టివేసి వేఱొక మాట వ్రాయుటయే గదా!

నేడు వైద్యులు ఈ పాత మాటను చాలవఱకు విడిచిరి. మన ఇండ్లలోను ‘డెలివరీ అయినది’ అను చున్నారు. పార్సెలునకును బిడ్డకును ఒకే మాటయా యని నాకు మొదట వెగటు కలిగెను. కాని దాని మూలము వెదకగా, విడిపించుట యని తేలినది. అనగా ఇంగ్లీషువారి వాడుకలో కాన్పు ఒక చెఱ, కనుట ఒక విడుదల. మన పెద్దలు దీనిని నీటితో చెప్పిరి. గర్భము ధరించినచో ‘నీళ్ళోసుకున్నది’, ప్రసవించినచో ‘నీళ్ళాడినది’. అందు ఖైదు లేదు, విడుదల లేదు.

మన పిల్లలు ఈ మాటలు మఱచుచున్నారని విలపించుట నా యుద్దేశము కాదు. ఇంగ్లీషు కాగితమును తెలుగు చేయు పని మీలో ఎవరికైన తటస్థించినచో నిఘంటువు చూడుడు. చూచిన పిమ్మట, ఆ కాగితము ఎవరి చేతికి పోవునో ఆ మనిషిని గూడ ఒకసారి తలచుకొనుడు. హద్దు ఎవరు గీచుచున్నారు, ఎవరి మేలునకు గీచుచున్నారు అని అడిగినచో, సరియైన మాట మనయింటనే దొరకును.