రారాదు

మా ఇల్లు చంద్రపూరులో మహాకాళీ దేవాలయమునకు సమీపమున నున్నది. ఒకప్పుడు చాందా యనబడిన యీ యూరికి 1964 ప్రాంతమున పాతపేరు మరల వచ్చినది. దక్షిణమునకు పోవు రైలులో బల్లార్షా దాటినచో తెలుగునేల యెంతో దూరము లేదు. అయినను మా యింట తెలుగు దూరమైనదని తెలిసికొనుటకు నాకొక టెలిఫోను సంభాషణ కావలసివచ్చినది.

మా అమ్మ మంచిర్యాలలో నుండును. పదేండ్ల మా అమ్మాయి యిచ్చట మరాఠీ బడిలో చదువుచున్నది. ఒకనాడు అమ్మ, "బువ్వ తిన్నవా బిడ్డా?" అని యడిగెను.

"తిన్నాను."

"సెలవులకు వస్తవా?"

"రాను. పరీక్షలున్నాయి."

ఫోను నా చేతికి వచ్చునప్పటికి అమ్మ గొంతు మారియుండెను. "పిల్లకు నా మీద కోపమా?" అనెను.

కోపము లేదు, వ్యాకరణదోషమును లేదు. లేనివి రెండు మూడు చిన్నమాటలు. "తిన్న గద అమ్మమ్మా", "పరీక్షలున్నయి మల్ల", "తర్వాత వస్త తియ్" అనియున్నచో ఆ సంగతులే తియ్యనయ్యెడివి. 'గద' యెదుటివారిని మనవైపు చేర్చుకొనును. 'మల్ల' నొచ్చుకొనవద్దని వేడును. 'తియ్' బెంగను తేలికపరచును. అవి పల్లెమాటలని, పిల్ల నోటినుండి ఏరి పారవేసినది నేనే. వాచకములోని తెలుగు చక్కగా రావలెనని నా తాపత్రయము!

'రారాదు' అన్నచో పుస్తకభాషలో నిషేధము. మా తెలంగాణమున అది "రావచ్చును గదా" యను ఆహ్వానము. ఒకమారు అమ్మ "కూసోరాదు బిడ్డా" అన్నందుకు మా పిల్ల నిలుచుండియే పోయినది. నేను నవ్వితిని, అమ్మ నవ్వలేదు.

ఇట్టి చిన్నమాటలు ఇతర భాషలలోను గలవు. మలయ్ భాషలో 'దుదుక్' అనగా కూర్చొనుము. 'దుదుక్‌లా' అన్నచో ఆజ్ఞ మెత్తబడును. మరాఠీలో 'యే' అనగా రమ్ము. 'యే నా' అన్నచో అందు బతిమాలుట యున్నది.

పరీక్షలు ముగిసిననాడు అమ్మాయి తానే ఫోను తీసికొని, "నువ్వే రా నా, అమ్మమ్మా!" అనెను. మరాఠీ 'నా' తెలుగులోనికి జారినది. దిద్దుటకు నేను నోరు తెరచితిని. అంతలో ఆవలినుండి అమ్మ, "ఇన్నవా? 'నా అమ్మమ్మా' అన్నది నా బిడ్డ!" అని మురిసిపోయెను.

నేను దిద్దలేదు. ఆ వారమే అమ్మ రైలెక్కి వచ్చినది.