నూటొకటో చదివింపు

2002 వేసవిలో, రావులపాలెం దగ్గర మా పెదనాన్నగారి ఊళ్లో అక్క పెళ్లి. రాజమండ్రిలో విజువల్ బేసిక్ 6 నేర్చుకుని వచ్చిన ఊపులో ఉన్నాన్నేను. "ఈసారి చదివింపులు కంప్యూటర్లో రాద్దాం" అని ఇంటిల్లిపాదికీ చెప్పి, మానిటరు ఒళ్లో పెట్టుకుని కార్లో పందిట్లోకి దిగాను.

మా ఇళ్లలో ఆ పని ఎప్పుడూ బాబాయిది. కాదనలేదు. "రాయరా, నేనూ పక్కనే కూచుంటా" అని తన పొడుగు పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. నాకు కాస్త చిన్నతనం అనిపించింది.

పెళ్లికి ఎంతమంది వస్తారో ముందే ఎవరికి తెలుసు? అందుకే డైనమిక్ అరే వాడాను. డిమ్ అని పేరు రాసి, బ్రాకెట్లు ఖాళీగా వదిలేస్తే, ఎన్ని గదులు కావాలో ప్రోగ్రాం నడిచేటప్పుడు రీడిమ్‌తో చెప్పుకోవచ్చు. మొదట వంద గదులు, అవి నిండితే రెండొందలు, అలా పెంచుకుంటూ పోవచ్చు. ఇంట్లో ఐదు పేర్లు కొట్టి చూస్తే భేషుగ్గా నడిచింది.

తలంబ్రాలయ్యాక జనం వరస కట్టారు. మైకులో పేరు, నా వేళ్ల కింద పేరు. కొత్త పేరు చేరినప్పుడల్లా ప్రోగ్రాం మొదటి గది నుంచి కూడుకుంటూ వచ్చి మొత్తం చూపించేది. పిల్లలు నా వెనక మూగి చూస్తున్నారు. నూటొకటో మనిషి పక్కూరి మాస్టారు. నూటపదహార్లు చదివించారు. ఎంటర్ కొట్టాను.

మొత్తం: 116.

ఇంకోసారి చూశాను. అదే 116. వంద పేర్లున్న చోట ఖాళీలు, వంద అంకెలున్న చోట సున్నాలు. తప్పు జరిగిందని ఒక్క హెచ్చరికైనా రాలేదు. భాష లెక్కలో అది తప్పే కాదు. ఒట్టి రీడిమ్ అంటే పాతవి తుడిచేసి కొత్త గదులివ్వడం. పాతవి నిలవాలంటే పక్కన ప్రిజర్వ్ అని ఇంకో మాట రాయాలి. ఆ మాట నేను క్లాసులో రాసుకున్నాను, ప్రోగ్రాంలో రాయలేదు. ఫైల్లో దాచడం కూడా చివర్న చూసుకుందామనుకున్నాను.

నా మొహం చూసి బాబాయి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. సంగతి చెప్పాను. "పేజీ తిప్పావు సరే, వెనక మొత్తం ఎత్తి రాశావా?" అన్నాడు. తన పుస్తకంలో ప్రతి పేజీ తలమీదా వెనక పేజీ మొత్తం ఉంది. నేను మర్చిపోయింది సరిగ్గా అదే.

ప్రోగ్రాం ఆపి ఆ మాట చేర్చాను. భోజనాలు సాగుతుండగా బాబాయి చదువుతుంటే పేర్లన్నీ మళ్లీ కొట్టాను. వరస రెండొందలు దాటినప్పుడు ఊపిరి బిగబట్టాను. మొత్తం చెక్కు చెదరలేదు.

తర్వాత చాలా రోజులకి, పేరూ సొమ్మూ ఒకే రెండు వరసల పట్టికలో పెట్టబోయి మళ్లీ తగులుకున్నాను. ప్రిజర్వ్ ఉంటే చివరి కొలత ఒక్కటే పెరుగుతుంది. మనుషుల్ని మొదటి కొలతలో పెట్టి పెంచబోతే తొమ్మిదో నంబరు ఎర్రరు. మనుషుల్ని చివరికి మార్చాకే దారికొచ్చింది. ఇంకోటీ అర్థమైంది. ప్రిజర్వ్ అన్నప్పుడల్లా పాతవన్నీ కొత్త చోటికి ఎత్తి రాయాల్సిందే. మనిషి మనిషికీ ఒక్కో గది పెంచితే ఎత్తిరాతకే పొద్దు చాలదు. గుత్తగా పెంచుకోవాలి. బాబాయి కూడా పేరుకో కాగితం కొనలేదుగా, పుస్తకమే కొన్నాడు.

ఇప్పుడు పైథాన్‌లో అపెండ్ అంటే చాలు, ఆ భాషే లోపల కాస్త ఎక్కువ చోటు పట్టి ఉంచుకుంటుంది. అయినా ఐదు పేర్లతో పరీక్షించి వదిలే అలవాటు ఆ రాత్రే పోయింది. గీత ఎక్కడ గీస్తే దానికి ఒకటి పైన కొట్టి చూస్తాను. నూరు దగ్గర ఆగకుండా పైన పదహారు వేసే జనం కోసం ప్రోగ్రాం రాస్తూ, నూరుతో ఆగిపోయిన వాణ్ణి మరి.