పాటతో పాటు దాని అడ్రస్ కూడా రావాలె



తండా పాటలు, గూడెం కథలు ఫోన్‌లో రికార్డ్ చేస్తున్న అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు మన గ్రూపులో చాలామంది ఉన్నరు. వాళ్ల కోసమే ఈ పోస్ట్. చూస్తే కంప్యూటర్ ముచ్చట, కానీ అసలు సంగతి మన ఇంటిదే.

సిద్దిపేటలో మా హాస్టల్‌లో హుస్నాబాద్, అక్కన్నపేట దిక్కు తండాల నుంచి వచ్చినోళ్లం నలుగురం ఉన్నం. సెలవులకు పోయినప్పుడల్లా తీజ్ పాటలు, హోలీ లెంగీలు, పెళ్లిపిల్ల ఏడుస్తూ పాడే ఢావ్లోలు రికార్డ్ చేసుకొస్తం. తండాకు ఒక ఫోల్డర్, దాని లోపల పాడినామె పేరుతో ఫోల్డర్, దాని లోపల పండుగ పేరు. అందులోనే ఫోటోలు, వీడియోలు కూడా ఉంటయి.

పాటలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి తీయాలంటే మామూలుగా ఏం చేస్తరు? ఆడియో ఫైళ్లు సెర్చ్ చేసి, అన్నీ సెలెక్ట్ కొట్టి, కాపీ పేస్ట్. పాటలు వస్తయి, ఫోల్డర్లు రావు. ఫోన్ పెట్టే పేరు ‘రికార్డింగ్ 1’ గదా, అది ప్రతి తండాలో ఉంటది. ఒకదాని మీద ఇంకోటి పడి చెరిగిపోతది, లేకుంటే పక్కన ఒక అంకె తగిలించుకుంటది. ఏ తండాదో, ఏ అవ్వ పాడిందో ఇక చెప్పేటోళ్లు ఉండరు.

ఇది మనకు కొత్త కాదు. 2011 జనగణనలో లంబాడీని మాతృభాషగా చెప్పినోళ్లు 32 లక్షలకు పైగా ఉన్నరు. ఆ లెక్కంతా హిందీ కిందికి పోయింది. పైపైన చూసేటోళ్లకు హిందీయే కనపడతది. అదే ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి చూడండి, 2018లో యూనికోడ్‌లోకి ‘గుంజాల గోండి’ అనే పేరుతోనే చేరింది. లిపితో పాటు ఊరి పేరు కూడా పోయింది. పాటకు కూడా అట్లనే జరగాలె.

లినక్స్‌లో, ఫోన్‌లో అయితే టర్మక్స్‌లో, దీనికి ఒక్క లైన్ చాలు. ముందు చేరాల్సిన ఫోల్డర్‌ను వేరే చోట తయారు చేసుకోవాలె. తర్వాత తండాలన్నీ ఉన్న ఫోల్డర్‌లోకి సీడీతో పోయి ఇది కొట్టాలె (టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే):

ఫైండ్ . -ఐనేమ్ "*.ఎంపీత్రీ" -ఎగ్జెక్ సీపీ -పీ --పేరెంట్స్ {} ~/పాటలు \;

చుక్క అంటే ‘ఇక్కడి నుంచి వెతుకు’. ఐనేమ్‌కు చిన్న, పెద్ద అక్షరాల తేడా లేదు. {} ఉన్న చోట దొరికిన ఒక్కో ఫైల్ వచ్చి కూర్చుంటది, పేరులో ఖాళీలు ఉన్నా ఇబ్బంది లేదు. -పీ వల్ల ఫైల్ మీదున్న తేదీ మారదు. అసలు పని --పేరెంట్స్‌ది, తండా, అవ్వ పేరు, పండుగ ఫోల్డర్లు అక్కడ మళ్లీ కట్టి, వాటిలో పాటను పెడతది. మీ ఫోన్ ఎమ్‌ఫోర్‌ఏ ఫైళ్లు చేస్తే ఎంపీత్రీ బదులు అది రాయండి.

ల్యాబ్‌లో విండోస్ ఉంటే రోబోకాపీ ఉంది. దాని తర్వాత ఉన్న ఫోల్డర్, చేరాల్సిన ఫోల్డర్, *.ఎంపీత్రీ, చివర /ఎస్. పేరు చూసి /ఎమ్ఐఆర్ మాత్రం వాడకండి. మొదటి దాంట్లో లేని ఫైళ్లను అది రెండో దాంట్లో నుంచి తీసేస్తది.

కాపీ అయినంక రెండు దిక్కులా ఫైళ్లు లెక్కబెట్టండి. లెక్క కలిసినంకనే ఫోన్ ఖాళీ చేయండి.

మన గోర్‌బోలికి సొంత లిపి లేదు, మన పుస్తకం అవ్వల గొంతులోనే ఉంది. ఈ సెలవుల్లో రికార్డ్ చేసేటోళ్లు ముందు ఆమెను అడిగి, ఆమె పేరుతోనే ఫోల్డర్ చేయండి. కమాండ్ పనిచేయకపోతే నన్ను అడగండి, కూర్చొని చూద్దాం.